డ్రాఫ్టు చేతికి వస్తే సొమ్ము వచ్చినట్లేనా?

బరంపురంలో మా బావగారు తమ పాత కారు అమ్మకానికి పెట్టారు. రూ. 2,40,000కు బేరం కుదిరింది. కొనవచ్చిన ఆయన ఒక శనివారం మధ్యాహ్నం బాంకు డ్రాఫ్టు తెచ్చి చేతిలో పెట్టి, "చెక్కు కాదండీ, డ్రాఫ్టు. తాళాలూ కాగితాలూ ఇప్పించండి, చీకటి పడకముందే ఊరు చేరాలి" అన్నాడు. అది నెలలో నాలుగవ శనివారం. 2015 సెప్టెంబరు నుండి రెండవ, నాలుగవ శనివారాలు బాంకులకు సెలవు గదా! బావగారు తాళాలకోసం లోపలికి వెళ్ళేసరికి అక్కయ్య నాకు ఫోను చేసింది. ఇరవై యేళ్ళుగా ఆఫీసులో డ్రాఫ్టులు రిజిస్టరులో ఎక్కించే గుమాస్తాను కనుక, ఈ ఒక్క విషయంలో నా మాట ఆ యింట చెల్లుతుంది.

డ్రాఫ్టుమీద బావగారికున్న నమ్మకం తప్పని నేననను. చెక్కు అనేది ఖాతాదారు తన బాంకుకు వ్రాసే ఉత్తరువు మాత్రమే. ఖాతాలో పైకం లేకపోతే తిరిగి వస్తుంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టంలోని 138వ సెక్షను క్రింద అందుకు శిక్ష వున్నమాట నిజమే, 1989 ఏప్రిల్ నుండి అది అమలులో వున్నది. కాని కోర్టుచుట్టూ తిరిగే ఓపిక ఎందరికున్నది? డ్రాఫ్టు అలా కాదు. బాంకు ముందుగా సొమ్ము పుచ్చుకొని, తన శాఖపైన తానే వ్రాసి యిస్తుంది. స్థానికంగా చెల్లేందుకు యిచ్చేదాన్ని పే ఆర్డరనీ, బాంకర్సు చెక్కనీ అంటారు. పుచ్చుకోవలసినవారికి చేరిన తరువాత, కొన్న మనిషి వచ్చి "ఆపండి" అన్నా సాధారణంగా బాంకు ఆపదు. ఇక్కడ మాట యిచ్చినది బాంకు.

పూర్వం కొందరు మామూలు చెక్కుమీదనే "చెల్లును" అని మేనేజరుచేత వ్రాయించుకొనేవారు. అమెరికాలో అటువంటి వ్రాతకు చట్టబలమున్నది. మనకు అంత లేదు. 1944లో బాంక్ ఆఫ్ బరోడా, పంజాబ్ నేషనల్ బాంకుల వ్యాజ్యంలో, తరువాతి తేదీ వేసిన చెక్కుపై మేనేజరు చేసిన అటువంటి వ్రాతకు బాంకు బాధ్యురాలు కాదని ప్రివీ కౌన్సిలు తీర్పు చెప్పింది.

సరే, బాంకు మాట గట్టిదే. కాని ఆ కాగితం బాంకు యిచ్చినదేనా, యిచ్చినప్పుడు దానిమీద అంతే మొత్తం వున్నదా అన్నది వేరే ప్రశ్న. ఫోనులోనే అడిగాను: "బావగారూ, కొన్నవారి పేరు దానిమీద ఏమని వున్నది?" 2018 సెప్టెంబరు 15 నుండి డ్రాఫ్టు ముఖంమీద కొన్నవారి పేరు వుండాలి. చూస్తే ఎవరిదో వేరే పేరు! "మా తమ్ముడిదండీ" అన్నాడట ఆయన. తేదీ మాత్రం సరిగానే వున్నది. 2012 ఏప్రిల్ నుండి చెక్కుకైనా డ్రాఫ్టుకైనా గడువు మూడు నెలలే.

"సోమవారం దాకా ఆగమనండి. లేదా ఆర్.టి.జి.ఎస్.లో పంపమనండి, 2020 డిసెంబరు నుండి అది సెలవునాడు కూడా పనిచేస్తున్నది" అన్నాను. ఆయన గొణుక్కుంటూ డ్రాఫ్టు తీసుకొని వెళ్ళిపోయాడు. ఈలోగా మా మేనల్లుడు దాని ఫోటో తీసి వుంచాడు, వాడి తెలివికి మెచ్చుకోవాలి.

సోమవారం బావగారూ నేనూ ఆ బాంకు శాఖకే నడిచి వెళ్ళాము. డ్రాఫ్టుమీద అచ్చయిన ఫోను నెంబరును నమ్మి విచారించడం మంచిది కాదు, దొంగ కాగితంమీద దొంగ నెంబరే వుంటుంది. మేనేజరు నెంబరు చూసి, "డ్రాఫ్టు మాదే, బావగారి పేరనే యిచ్చాము. కాని అయిదు వందల రూపాయలకు" అన్నాడు. అంకెలూ అక్షరాలూ చెరిపి దిద్దినది! ఖాతాలో వేసివుంటే తిరిగి వచ్చేది, బండి మాత్రం తిరిగి వచ్చేది కాదు.

నెల తిరిగాక ఒక స్కూలు మాస్టారు రూ. 2,25,000కు కొన్నారు. పైకం ఖాతాలో పడినట్లు చూసుకొన్నాకనే తాళాలు యిచ్చారు. పదిహేను వేలు తగ్గిందని బావగారు ఇప్పటికీ అంటూనే వుంటారు, అక్కయ్య వినిపించుకోదు.