అన్నవాహిక జబ్బుకు తోడుగా మరో జబ్బు

ఇయోసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అన్నవాహికకు వచ్చే దీర్ఘకాలిక వాపు జబ్బు. ఇయోసినోఫిల్ తెల్లరక్తకణాల్లో ఒక రకం. ఇయోసిన్ అనే రంగు వేస్తే ఎర్రగా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. 1879లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ ఈ కణాలను గుర్తించాడు. అలర్జీ ఉన్నప్పుడు, కడుపులో పురుగులున్నప్పుడు ఇవి రక్తంలో పెరుగుతాయి. ఆరోగ్యంగా ఉన్న అన్నవాహిక గోడలో మాత్రం వీటికి చోటు లేదు. అక్కడినుంచి తీసిన ముక్కను మైక్రోస్కోప్ హెచ్చు పవర్‌లో చూసినప్పుడు ఒక్క వృత్తంలోనే 15 లేదా అంతకన్నా ఎక్కువ కనిపించి, రోగికి మింగడంలో కష్టం కూడా ఉంటే, వేరే కారణాలేవీ లేవని చూసుకుని డాక్టర్లు ఈ జబ్బు పేరు చెబుతారు. దీన్ని విడి జబ్బుగా గుర్తించింది 1990లలోనే. అంతకు ముందు చాలావరకు ఎసిడిటీ ఖాతాలో జమయ్యేది.

పెద్దవాళ్లలో ముద్ద గొంతు దిగాక రొమ్ము దగ్గర ఆగిపోతుంది. చపాతీ, మాంసం వంటివి మరీ ఇబ్బంది పెడతాయి. చాలామంది తెలియకుండానే దానికి అలవాటు పడిపోతారు. ముద్దముద్దకూ నీళ్లు తాగుతారు, అందరూ లేచాక కూడా నములుతూ కూర్చుంటారు, పెళ్లిభోజనాలకు వెళ్లడం మానుకుంటారు. పక్కవాళ్లు దాన్ని నిదానం అనుకుంటారు. అందుకే జబ్బు బయటపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి. ఆలోగా వాపు మానుతూ రేగుతూ గోడలో మచ్చకట్టి గొట్టం ఇరుకైపోతుంది. పసిపిల్లల్లో లక్షణాలు వేరు: వాంతులు, కడుపునొప్పి, తిండికి మొండికేయడం.

ఇది ఆటోఇమ్యూన్ జబ్బు కాదు. ఆటోఇమ్యూన్ జబ్బులో రోగనిరోధక వ్యవస్థ సొంత కణజాలం మీదే దాడి చేస్తుంది. టైప్-1 మధుమేహంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు, హషిమోటో జబ్బులో థైరాయిడ్ గ్రంథి, రుమటాయిడ్ కీళ్లవాతంలో కీళ్ల పొరలు దెబ్బతినేది అలాగే. ఇయోసినోఫిలిక్ ఈసోఫజైటిస్‌లో రోగనిరోధక వ్యవస్థ తిరగబడేది బయటినుంచి వచ్చే ఆహారం మీద; పాలు, గోధుమ అందులో ముందుంటాయి. ఇది అలర్జీ కుటుంబానికి చెందినది కాబట్టి రోగుల్లో చాలామందికి ఉబ్బసమో, తామరో, తుమ్ముల అలర్జీయో కూడా ఉంటుంది.

అయినా రెండు రకాల జబ్బులూ ఒకే మనిషిలో కనిపిస్తున్నాయి. సీలియాక్ జబ్బు, పేగు వాపు జబ్బులైన క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్, టైప్-1 మధుమేహం, థైరాయిడ్ వాపు, రుమటాయిడ్ కీళ్లవాతం ఈ రోగుల్లో సాధారణ జనంలో కన్నా ఎక్కువగా ఉన్నట్టు కొన్ని అధ్యయనాలు తేల్చాయి. కొన్నిటిలో ఆ తేడా కనిపించలేదు. రోగనిరోధక వ్యవస్థను నడిపే జన్యువుల్లోని తేడాలు, అన్నవాహిక, పేగుల లోపలి పొర బిగువు సడలడం వంటివి ఉమ్మడి కారణాలు కావచ్చన్నది ఒక వివరణ. ఇక్కడ ఒక జాగ్రత్త కూడా అవసరం. సీలియాక్ అనుమానంతో ఎండోస్కోపీ చేయించుకున్న మనిషికి అన్నవాహిక కూడా పరీక్షకు వస్తుంది. చేయించుకోని మనిషిలో ఇయోసినోఫిలిక్ ఈసోఫజైటిస్ ఉన్నా కనబడకుండా ఉండిపోతుంది. వెతికినచోటే దొరుకుతుంది కాబట్టి, లెక్కల్లో కనిపించే జోడీ అంతా నిజమైన బంధం కాకపోవచ్చు.

అన్నిటిలోకీ చిక్కైన జోడీ సీలియాక్‌ది. సీలియాక్‌లో గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ వల్ల చిన్నపేగు పొర పాడవుతుంది. రెండు జబ్బుల్లోనూ గోధుమ ముద్దాయే, కానీ నేరాలు వేరు. గోధుమతో పాటు బార్లీ, రై కూడా మానేస్తే సీలియాక్ రోగి పేగు కోలుకుంటుంది. అన్నవాహికలోని వాపు మాత్రం తగ్గవచ్చు, తగ్గకనూ పోవచ్చు. అక్కడ అసలు కారణం పాలు అయితే గోధుమ మానినా ముద్ద దిగడం సులువు కాదు. అలాంటప్పుడు రోగి పథ్యం సరిగా చేయడం లేదని నిందించడం అన్యాయం. ఎవరికైనా సీలియాక్ అనుమానం ఉంటే గోధుమ తింటూ ఉండగానే రక్తపరీక్ష చేయించాలి. ముందే మానేస్తే ఆ పరీక్ష వెతికే యాంటీబాడీలు తగ్గిపోయి, జబ్బు ఉన్నా లేనట్టే ఫలితం రావచ్చు.

సీలియాక్ ఉత్తర భారతంలో వందకు ఒకరికి పైగా ఉంటే, దక్షిణాదిలో సుమారు వెయ్యికి ఒకరిలోనే కనిపించింది. వరి ఎక్కువగా, గోధుమ తక్కువగా తినడం అందుకు ఒక కారణమని పరిశోధకుల భావన. షుగరు భయంతో రాత్రిపూట చపాతీకి మారిన తెలుగు ఇళ్లలో ఈ సంగతి గుర్తుండాలి. సీలియాక్ ఉన్నవారికి అన్నం, జొన్నరొట్టె, రాగిసంకటి నిరపాయం. బొంబాయిరవ్వ ఉప్మా, సేమియా, మైదా పూరీ కాదు. ఇంగువ పొడిలో కూడా చాలా కంపెనీలు గోధుమపిండి కలుపుతాయి కాబట్టి పులిహోర తాలింపు కూడా చూసుకోవాల్సిందే.

మింగలేకపోవడం ఉన్నంతమాత్రాన ప్రతి ఆటోఇమ్యూన్ రోగికీ ఇయోసినోఫిళ్లే కారణమని అనుకోకూడదు. స్క్లెరోడెర్మా అనే ఆటోఇమ్యూన్ జబ్బులో అన్నవాహిక కండరాలే చచ్చుబడతాయి. షోగ్రెన్ జబ్బులో నోట్లో లాలాజలం ఎండిపోయి ముద్ద కదలదు. క్రోన్స్ జబ్బు అరుదుగా అన్నవాహిక దాకా పాకుతుంది.

రెండు జబ్బులున్నప్పుడు చికిత్సలు ఒకదానికొకటి అడ్డుపడవచ్చు. అన్నవాహికకు ఎసిడిటీ మాత్రలు, మింగే స్టెరాయిడ్ మందులు, ఆహార నియమాలు వాడతారు. 2022లో అమెరికాలో ఈ జబ్బుకు డ్యూపిలుమాబ్ ఇంజక్షన్‌కు అనుమతి వచ్చింది. మింగే స్టెరాయిడ్ చాలావరకు అన్నవాహిక గోడమీదే పనిచేస్తుంది, అయినా టైప్-1 మధుమేహం ఉన్నవారు చక్కెరను మరింత గమనించుకోవాలి. పాలు, గోధుమ, గుడ్డు, సోయా, గింజలు, చేపలు అన్నీ ఒకేసారి మానిపిస్తే ఇన్సులిన్ లెక్క తారుమారవుతుంది, ఎదిగే పిల్లల బరువు తగ్గిపోతుంది. డైటీషియన్ సాయం లేకుండా ఇలాంటి పథ్యం మొదలుపెట్టకూడదు. క్రోన్స్‌కు, కీళ్లవాతానికి మేలుచేసే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను ఇయోసినోఫిలిక్ ఈసోఫజైటిస్‌లో ఒక చిన్న ప్రయోగంలో వాడితే ఫలితం రాలేదు. ఒక జబ్బు మందే రెండోదాన్నీ నయం చేస్తుందన్న ఆశ అందుకే నిలబడదు.

ముద్ద సాఫీగా దిగుతోందంటే లోపల వాపు పోయినట్టు కాదు. మెత్తటి తిండికి అలవాటు పడినవారికి బాధ తెలియదు, గోడలో ఇయోసినోఫిళ్లు మాత్రం ఉండవచ్చు. చికిత్స మొదలుపెట్టిన 8 నుంచి 12 వారాలకు మళ్లీ ఎండోస్కోపీ చేస్తారు. వాపు అన్నవాహికలో అక్కడక్కడే ఉంటుంది కాబట్టి రెండు మూడు చోట్లనుంచి కలిపి కనీసం 6 ముక్కలు తీస్తారు. సీలియాక్ అనుమానం కూడా ఉన్నవారికి అదే ఎండోస్కోపీ గొట్టంతో చిన్నపేగు మొదటి భాగంనుంచి కూడా ముక్కలు తీసుకోవచ్చు. దానికోసం రెండోసారి పడుకోబెట్టనక్కరలేదు.