గోదావరి డెల్టా నీటిలో మరుగుజ్జు సిచ్లిడ్ల ప్రజననం – గృహ అక్వేరియంలో నీటి యాజమాన్యం

సిచ్లిడే కుటుంబంలో సుమారు 10 సెంటీమీటర్లకు మించి పెరగని జాతులను మరుగుజ్జు సిచ్లిడ్లు అంటారు. వీటిలో రామ్ సిచ్లిడ్, ఎపిస్టోగ్రామా జాతులు దక్షిణ అమెరికాకు చెందినవి. గోదావరి డెల్టాలో వీటిని బతికించడం కంటే గుడ్లు పొదిగించి పిల్లలను నిలబెట్టడం కష్టం. చాలా సందర్భాల్లో ఇందుకు కారణం నీటి గుణమే.

డెల్టా నీటి స్వభావం

రామ్ సిచ్లిడ్ స్వస్థలమైన ఒరినోకో పరీవాహక ప్రాంతంలో నీరు మృదువుగా, కొద్దిగా ఆమ్లగుణంతో ఉంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట నుండి కాలువలకు వచ్చే గోదావరి నీరు సాధారణంగా స్వల్ప క్షారగుణం కలిగి ఉంటుంది. తీర మండలాల్లో బోరు నీటిలో కాఠిన్యం, లవణీయత ఎక్కువ. కఠిన జలంలో ఈ చేపల గుడ్లు సరిగా ఫలదీకరణ చెందక బూజు పడతాయి. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు చెరువు నీరో, బోరు నీరో వాడవలసి వస్తుంది. ఎండలు ముదిరే సమయంలోనే నీటి గుణం కూడా మారడం వల్ల నష్టం రెట్టింపవుతుంది.

అమ్మోనియా విషప్రభావం

చేపల విసర్జనలు, మిగిలిన మేత నుండి అమ్మోనియా ఏర్పడుతుంది. 28 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉదజని సూచిక 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషపూరిత రూపం సుమారు 0.7 శాతం, సూచిక 8కి చేరితే అది 6.5 శాతం. అంటే ఒకే కొలత చూపే రెండు తొట్టెలలో విషతీవ్రత తొమ్మిది రెట్లు తేడాగా ఉండవచ్చు. అందువల్ల అమ్మోనియాతో పాటు ఉదజని సూచికను, ఉష్ణోగ్రతను కూడా నమోదు చేయాలి. వడపోత పరికరంలో నత్రీకరణ బ్యాక్టీరియా స్థిరపడటానికి 4 నుండి 6 వారాలు పడుతుంది. ఆ తరువాతే ప్రజనన జంటను వదలాలి.

నీటిని సిద్ధం చేయడం

ఆర్‌వో నీటిని లేదా తొలి జల్లులు వదిలి పట్టిన వాననీటిని క్లోరిన్ తొలగించిన కాలువ నీటితో కలిపి కాఠిన్యం తగ్గించాలి. కేవలం ఆమ్లం కలిపితే బైకార్బొనేట్ల కారణంగా ఉదజని సూచిక మళ్లీ పెరుగుతుంది. పూర్తిగా ఆర్‌వో నీరే వాడితే సూచిక హఠాత్తుగా పడిపోయి నత్రీకరణ మందగిస్తుంది. వారానికి 10 నుండి 20 శాతం నీటిని, అదే ఉష్ణోగ్రత గల నీటితో మార్చాలి.

ప్రజనన యాజమాన్యం

రామ్ జంట చదునైన రాతిపై గుడ్లు పెట్టి, రెండూ కలిసి కాపలా కాస్తాయి. ఎపిస్టోగ్రామా ఆడచేప గుహ వంటి చోటును ఎన్నుకుంటుంది. బోర్లించిన మట్టికుండ పెంకు సరిపోతుంది. గుడ్లు 2 నుండి 3 రోజులలో పొదుగుతాయి. పిల్లలు ఈదడం మొదలుపెట్టగానే, రొయ్యల హేచరీలలో వాడే ఆర్టీమియా పిల్లలను మేతగా ఇవ్వాలి. ఎపిస్టోగ్రామా జాతులలో అధిక ఉష్ణోగ్రత వద్ద మగపిల్లల శాతం పెరుగుతుందని రోమర్, బైజెన్‌హెర్ట్స్ 1996లో ప్రచురించిన పరిశోధన తెలిపింది. కావున వేసవి ఈతలలో లింగ నిష్పత్తిని గమనించాలి.

జాతి ఎంపిక

నీటిని మృదువుగా మార్చే వీలు లేని చోట ఆరెంజ్ క్రోమైడ్ అనువైనది. భారతదేశపు మూడు స్వదేశీ సిచ్లిడ్లలో ఒకటైన ఈ చిన్న చేప ఉప్పునీటి ప్రభావాన్ని తట్టుకుంటుంది. విదేశీ జాతులను మాత్రం కాలువలలో వదలరాదు. 1952లో దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా కూడా సిచ్లిడే. సహజ జలాలలో అది విస్తరించిన తీరు ఇందుకు తగిన హెచ్చరిక.