హార్డ్ డిస్క్ మార్పిడి, బ్యాకప్

హార్డ్ డిస్క్ మార్పిడి అనగా కంప్యూటరులో పాడయిన, పాతబడిన లేదా నిండిపోయిన హార్డ్ డిస్క్ స్థానములో కొత్తదానిని అమర్చి, పాత సమాచారమును అందులోనికి చేర్చి, తిరిగి పనికి సిద్ధము చేయుట. మరలు విప్పి డిస్క్ బిగించుట కొద్ది నిమిషముల పని. అయితే డిస్క్‌ను అంగడిలో కొనవచ్చును గాని, అందులో ఉన్న ఛాయాచిత్రములను, వ్రాతప్రతులను, లెక్కలను కొనలేము. కావున ఈ పనిలో మొదటి మెట్టు స్క్రూడ్రైవరు కాదు, బ్యాకప్. బ్యాకప్ అనగా సమాచారమునకు వేరొక చోట భద్రపరచిన నకలు.

చరిత్ర

మొదటి హార్డ్ డిస్క్‌ను ఐబీఎం సంస్థ 1956లో రామాక్ 305 కంప్యూటరుతో పాటు విడుదల చేసినది. అందులో 24 అంగుళముల వ్యాసము గల 50 పళ్ళెములు ఉండెడివి. అంత పెద్ద యంత్రములో పట్టినవి సుమారు 50 లక్షల అక్షరములు మాత్రమే. 1980లో సీగేట్ సంస్థ 5 మెగాబైట్ల ఎస్‌టీ-506 డిస్క్‌ను విడుదల చేసిన తరువాత ఇవి చిన్న కంప్యూటర్లలోనికి చేరినవి. నేడు బల్లపై ఉంచు కంప్యూటర్లలో 3.5 అంగుళముల డిస్కులు, ల్యాప్‌టాప్‌లలో 2.5 అంగుళముల డిస్కులు వాడుకలో ఉన్నవి. తిరుగు భాగములు లేని ఎస్‌ఎస్‌డీలు అనేక చోట్ల వీటి స్థానమును ఆక్రమించినవి.

పాడగుటకు కారణములు

హార్డ్ డిస్క్‌లోని పళ్ళెములు సాధారణముగా నిమిషమునకు 5400 లేదా 7200 సార్లు తిరుగును. చదువుట, వ్రాయుట చేయు శీర్షము పళ్ళెమును తాకకుండ, వెంట్రుక మందము కన్న ఎన్నో రెట్లు తక్కువ ఎత్తులో గాలిపై తేలుచుండును. పని చేయుచున్న డిస్క్‌కు గట్టి కుదుపు తగిలినచో శీర్షము పళ్ళెమును గీకును; ఆ చోటనున్న సమాచారము నశించును.

టక్ టక్ మను శబ్దము, ఫైళ్ళు తెరుచుకొనుటలో మితిమీరిన ఆలస్యము, స్మార్ట్ అను స్వయం పరీక్షా విధానము చూపు హెచ్చరిక ముఖ్యమైన సూచనలు. ఇవి కనిపించినప్పుడు డిస్క్‌ను మాటిమాటికి ఆపి నడుపరాదు. అత్యవసరమైన ఫైళ్ళను ముందుగా నకలు తీయవలెను. ధూళి చేరును గనుక డిస్క్ మూతను ఇంటిలో విప్పరాదు. ఎస్‌ఎస్‌డీలు ఏ శబ్దము లేకుండ ఒక్కసారిగా ఆగిపోవచ్చును.

బ్యాకప్ నియమములు

మూడు-రెండు-ఒకటి అను సూత్రము ప్రసిద్ధమైనది. సమాచారమునకు మొత్తము 3 ప్రతులు ఉండవలెను. అవి 2 వేర్వేరు మాధ్యమములపై ఉండవలెను. వాటిలో 1 ఇంటికి వెలుపల ఉండవలెను.

* ఒకే డిస్క్‌ను సి, డి అను భాగములుగా విభజించి, ఒకదాని నకలును రెండవదానిలో ఉంచుట బ్యాకప్ కాదు. డిస్క్ పాడయినచో రెండు భాగములును పోవును.
* రెండు చోట్ల ఫైళ్ళను ఎప్పటికప్పుడు సమానము చేయు సేవ ఒక్కటే చాలదు. ఒకచోట తుడిచినది రెండవచోట కూడ తుడిచివేయబడును.
* నకలు తీసిన తరువాత దానిని మరొక కంప్యూటరులో తెరచి చూడవలెను. తెరచి చూడని నకలును నమ్మరాదు.
* విండోస్‌లో బిట్‌లాకర్ రక్షణ ఉన్నచో, 48 అంకెల పునరుద్ధరణ సంకేతమును కాగితముపై వ్రాసి ఉంచుకొనవలెను. అది లేనిచో పాత డిస్క్‌ను మరొక యంత్రమునకు తగిలించినను తెరచుట సాధ్యము కాదు.

తెలుగు ఫైళ్ళ విషయము

తెలుగువారు ప్రత్యేకముగా గమనించవలసిన అంశమొకటి కలదు. యూనీకోడ్ తొలి కూర్పు (1991) లోనే తెలుగు లిపికి స్థానము లభించినను, ముద్రణాలయములలో అను, శ్రీలిపి వంటి ఫాంట్ల వాడుక చిరకాలము సాగినది. ఈ పాత పద్ధతిలో ఫైలులో నిజముగా ఉండునది తెలుగు అక్షరము కాదు, ఫాంట్‌లోని ఒక స్థానపు సంఖ్య మాత్రమే. ఆ ఫాంట్ విండోస్ భాగములో విడిగా ఉండును. పత్రముల సంచయమును మాత్రమే నకలు తీసి పాత డిస్క్‌ను పారవేసినవారికి కొత్త కంప్యూటరులో అర్థము లేని రోమను అక్షరములు కనిపించును.

అందుచేత ఇట్టి వ్రాతలు ఉన్నవారు ఫాంట్లను, టైపు చేయుటకు వాడిన సాఫ్ట్‌వేరును కూడ భద్రపరచవలెను. ముఖ్యమైనవాటిని ఫాంట్లు ఇమిడియున్న పీడీఎఫ్‌గా మార్చి ఒక ప్రతి, యూనీకోడ్‌లోనికి మార్చి మరొక ప్రతి ఉంచుకొనుట మేలు.

అమర్చు విధానము

1. పాత డిస్క్ ఐడీఈ, సాటా, ఎమ్.2 రకములలో ఏదో చూచి, కంప్యూటరునకు సరిపడునది కొనవలెను. హైదరాబాదు పరిసరములలో వీటికి సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ పేరొందిన అంగడి.
2. విద్యుత్తును పూర్తిగా తొలగించి, స్థిర విద్యుత్తు పోవుటకై లోహపు పెట్టెను తాకి, కొత్త డిస్క్‌ను బిగించవలెను.
3. బయోస్‌లో కొత్త డిస్క్ పేరు కనిపించుచున్నదో లేదో చూడవలెను.
4. డిస్క్‌ను విభజించవలెను. పాత ఎంబీఆర్ పద్ధతి సాధారణముగా 2 టెరాబైట్లను మించి గుర్తించలేదు; పెద్ద డిస్కులకు జీపీటీ పద్ధతి అవసరము.
5. ఫార్మాట్ చేయవలెను. విండోస్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్స్‌కు ఈఎక్స్‌టీ4 తగినవి. ఫ్యాట్32లో 4 గిగాబైట్లు, అంతకు మించిన ఫైలు పట్టదు.
6. ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తగా స్థాపించి ఫైళ్ళను చేర్చవలెను. లేదా క్లోన్‌జిల్లా వంటి సాధనముతో పాత డిస్క్‌ను యథాతథముగా నకలు చేయవలెను.

యథాతథ నకలులో ఏది మూలము, ఏది గమ్యము అని రెండుసార్లు సరిచూడవలెను. అవి తారుమారైనచో ఖాళీ డిస్క్ వచ్చి నిండు డిస్క్‌ను చెరిపివేయును. 1 టెరాబైటు డిస్క్ విండోస్‌లో 931 గిగాబైట్లుగా కనిపించుట లోపము కాదు. తయారీదారులు వేయింటి లెక్కలోను, విండోస్ 1024 లెక్కలోను కొలుచుటయే ఇందుకు కారణము.

వేరొక చోట ప్రతి ఎందుకు

2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన కుంభవృష్టికి హైదరాబాదు తూర్పు భాగమున ఎల్.బి.నగర్, సరూర్‌నగర్, హయత్‌నగర్ ప్రాంతములలోని అనేక కాలనీలు జలమయమైనవి. ఇట్టి సమయమున కంప్యూటరు, దాని బ్యాకప్ డిస్క్ ఒకే బల్లపై ఉన్నచో రెండును తడియును. పెద్ద అంబర్‌పేట్ వాసి ఒక ప్రతిని దిల్‌సుఖ్‌నగర్‌లోని బంధువుల ఇంట ఉంచినచో దొంగతనము, అగ్నిప్రమాదముల నుండి రక్షణ కలుగును. కాని ఒకే వానకు రెండు చోట్లా నీరు చేరవచ్చును. విజయవాడ రహదారి వెంట సూర్యాపేటలోనో, మరింత దూరములోనో ఉన్న ఆత్మీయుల వద్ద లేదా క్లౌడ్ సేవలో ఒక ప్రతి ఉంచుట మెరుగు. తడిసిన డిస్క్‌కు విద్యుత్తు ఇవ్వరాదు.

సంస్థలకును ఇదే నీతి వర్తించును. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకములో భాగముగా వేలాది తెలుగు గ్రంథములు స్కాన్ చేయబడినవి. తరువాత ఆ జాలస్థలము మూతపడినను, ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరిన ప్రతుల వలన అనేక గ్రంథములు పాఠకులకు దక్కినవి.

పాత డిస్క్

మార్పిడి ముగిసిన వెంటనే పాత డిస్క్‌ను వదలుకొనరాదు. కొన్ని వారములు దాచి, ఏ ఫైలు కొరత లేదని తేలిన తరువాతనే ఇతరులకు ఇవ్వవలెను. త్వరిత ఫార్మాట్ వలన ఫైళ్ళ జాబితా మాత్రమే చెరుగును. సమాచారమును తిరిగి రాబట్టవచ్చును. కావున డిస్క్ అంతటిని తిరిగి వ్రాయు సాధనముతో తుడువవలెను. పనికిరాని డిస్క్‌ను చెత్తబుట్టలో వేయక, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నిబంధనలను అనుసరించి నమోదిత పునర్వినియోగ కేంద్రమునకు చేర్చవలెను.

ఇవి కూడా చూడండి

* హార్డ్ డిస్క్
* యూనీకోడ్
* ఆపరేటింగ్ సిస్టమ్
* ఇంటర్నెట్ ఆర్కైవ్