నొప్పి చేతికి నప్పే పిస్తోలు

నాకు వరుసకు బాబాయి అయ్యే పెద్దమనిషి ఒకరు టెక్సస్ రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణంలో పెట్రోలు బంకును, దానికి ఆనుకొని ఉన్న దుకాణాన్ని నడుపుతున్నారు. వయస్సు అరవై రెండు. రాత్రి పదకొండు గంటలకు తలుపులు మూసి, ఆనాటి నగదు సంచితో ఒంటరిగా కారు దాకా నడవాలి. పొరుగు దుకాణంలో దోపిడి జరిగిన తరువాత ఆయన ఒక పిస్తోలు కొని, చట్టప్రకారమే దుస్తుల మాటున ధరించసాగారు. అమ్మినవాడు అన్నిటికంటె చిన్నదానిని, తేలికైనదానిని చూపి, "పెద్దవారికి ఇదే సులువు" అన్నాడట. నెల తిరగక ముందే బాబాయి ఫోను చేసి, "ఏమోయ్, డాక్టరేటు చేసినవాడివి కదా! ఈ బుల్లి వస్తువు నా చేతికి ఎందుకు లొంగడం లేదు?" అని అడిగారు. ఆయన రెండు బొటనవ్రేళ్ళ మొదళ్ళలోను కీళ్ళవాతం ఉన్నది. నా వృత్తి రసాయన పరిశోధన. ఆయుధాలతో నాకు పరిచయం తక్కువ. అయినా ఆ ప్రశ్నకు సమాధానం వెదకుతూ తెలుసుకొన్న విషయాలను పాఠకులతో పంచుకొంటున్నాను.

ముందుగా చట్టం

హెచ్ 1 బి, ఎఫ్ 1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి, మనలను చూడవచ్చిన తల్లిదండ్రులకు, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకిని గాని తూటాను గాని కలిగి ఉండడం అమెరికా ఫెడరల్ చట్టరీత్యా నిషిద్ధం. గ్రీన్ కార్డు గలవారికి, పౌరులకు ఈ నిషేధం వర్తించదు. మాటున ధరించే నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. టెక్సస్‌లో 2021 నుండి అర్హులైన పెద్దలకు లైసెన్సు అక్కర లేదు. కొన్ని రాష్ట్రాలలో అది తప్పనిసరి.

కీలులో జరిగేదేమి?

ఎముకల కొనలను మృదులాస్థి కప్పి ఉంటుంది. అది కొల్లాజెన్ అనే ప్రోటీను దారాల వల. ఋణ విద్యుదావేశం గల పెద్ద అణువులు ఆ వలలో చిక్కుకొని, నీటిని పీల్చి పట్టి ఉంచుతాయి. ఒత్తిడిని భరించేది నీరు నిండిన ఆ మెత్తయే. వయస్సుతో పెరిగే ఆస్టియో ఆర్థ్రయిటిస్‌లో వల చిరిగి, మెత్త పలుచబడుతుంది. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్‌లో శరీర రక్షణ వ్యవస్థయే కీలు లోపలి పొరపై దాడి చేస్తుంది. 1977లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ పరిశోధన ప్రకారం, బొటనవ్రేలి కొనతో ఒక కిలో బలంతో నొక్కితే, ఆ వ్రేలి మొదటి కీలుపై సుమారు పన్నెండు కిలోల బలం పడుతుంది. బాబాయి బాధకు మూలం ఇక్కడే ఉన్నది.

స్లైడు, స్ప్రింగు

పిస్తోలులో మొదటి తూటాను గొట్టంలోనికి ఎక్కించాలంటే, పైభాగమైన స్లైడును వెనుకకు లాగాలి. చాలామంది దానిని బొటనవ్రేలికి, చూపుడు వ్రేలికి నడుమ బిగించి లాగుతారు. చిన్న పిస్తోలులో స్లైడు తేలికైనది, అది కదిలే దూరం తక్కువ. కనుక దానిని ఆపే స్ప్రింగు బిగువుగా ఉండక తప్పదు. వస్తువు చిన్నదయ్యేకొద్దీ కీలుకు పని పెరుగుతుంది!

ఇందుకు మూడు ఉపాయాలున్నాయి. మొదటిది, లాగడం సులువుగా ఉండేటట్లు రూపొందించిన పిస్తోలు. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 2018లో విడుదల చేసిన షీల్డ్ ఈజీ అటువంటిది. రెండవది, బెరెట్టా టామ్‌క్యాట్ వలె మీట నొక్కగానే గొట్టం కొన పైకి లేచే ఏర్పాటు; తూటాను నేరుగా అందులో ఉంచవచ్చు. మూడవది పద్ధతి మార్చుకోవడం. స్లైడును అరచేతితో పైనుండి పట్టి నిలిపి, రెండవ చేతితో పిడిని ముందుకు నెట్టాలి. గొట్టం సురక్షితమైన దిక్కునే చూడాలి; వ్రేలు ట్రిగ్గరు మీద ఉండరాదు.

వెనుకతన్ను

న్యూటన్ మూడవ సూత్రాన్ని మనమంతా చదువుకొన్నాము. పాయింట్ 380 తూటాలోని గుండు సుమారు 6 గ్రాములు; సెకనుకు సుమారు 290 మీటర్ల వేగంతో వెలువడుతుంది. వాయువుల వాటాను విడిచిపెట్టినా, 270 గ్రాముల జేబు పిస్తోలు సెకనుకు ఆరున్నర మీటర్ల వేగంతో అరచేతిని తన్నుతుంది. అదే తూటాను 525 గ్రాముల పిస్తోలులో పేల్చితే ఆ వేగం దాదాపు సగమవుతుంది, చేతికి తగిలే శక్తీ దాదాపు సగమే. నడుముకు భారమైనది చేతికి హాయి.

"అయితే రివాల్వరు కొనరాదా?" అని కొందరు సలహా ఇస్తారు. అందులో స్లైడు లేని మాట నిజమే. కాని చాలా రివాల్వర్లలో ట్రిగ్గరును ఐదు కిలోల బలంతో లాగాలి. చూపుడు వ్రేలి కీళ్ళు వాచినవారికి అది గండమే. సుత్తిని ముందుగా ఎక్కుపెట్టాలన్నా మళ్ళీ బొటనవ్రేలే గతి.

పరీక్ష, జాగ్రత్త

కొనే ముందు, అద్దెకు పిస్తోళ్ళు ఇచ్చే రేంజిలో శిక్షకుని సమక్షంలో కాల్చి చూడాలి. చేతులు మొరాయించిన రోజున చూస్తే మరీ మంచిది. పట్టు సడలితే కొన్ని పిస్తోళ్ళు తూటాను సరిగా మార్చుకోలేక మధ్యలో ఇరుక్కొంటాయి. రసాయనికుడిగా మరొక మాట: చాలా తూటాల నిప్పుమందులో సీసపు లవణం ఉంటుంది. రేంజి నుండి రాగానే సబ్బుతో చేతులు కడుక్కొని, దుస్తులు మార్చుకొన్న తరువాతనే పసిపిల్లలను ఎత్తుకోవాలి. ఇంట్లో పిస్తోలు తాళం వేసిన పెట్టెలో ఉండాలి. ఆ తాళం మనుమని చేతికి లొంగరాదు. మన నొప్పి వ్రేళ్ళకు మాత్రం లొంగాలి.

బాబాయి ఆ బుల్లి పిస్తోలును ఇచ్చివేసి, రెట్టింపు బరువు గలదానిని తీసుకొన్నారు. వ్రేళ్ళు బిగుసుకొన్న రోజున దానిని పెట్టెలోనే ఉంచుతారు. ఇప్పుడు దుకాణాన్ని తొమ్మిదింటికే మూస్తున్నారు. ఆ వేళకు కొడుకు వచ్చి తోడుగా నడుస్తాడు. "ఆ రెండు గంటల బేరం పోతే పోయిందిలే" అన్నారు మొన్న ఫోనులో. ఆయన చేసిన మార్పులన్నిటిలోను నాకు ఎక్కువ ధైర్యం కలిగించినది ఇదే.