బండి జాడ తెలుపు పెట్టె

పట్నమున నుద్యోగము చేయు కూతురు రాత్రివేళ టాక్సీలో వచ్చుచున్నదన్నచో తల్లికి కన్ను మూతపడదు గదా. జీ.పీ.యస్. ఉన్నది, ఆకాశమునుండి ఉపగ్రహము కనిపెట్టుచున్నదని పలువురు ధైర్యము చెప్పుదురు. ఉపగ్రహమునకు మన బండి సంగతియే తెలియదు. 20,200 కిలోమీటర్ల యెత్తున దిరుగుచు తన వేళను, తావును చాటుటయే దాని పని. కనీసము నాలుగింటి సంకేతములు విని, బండిలోని పెట్టెయే తానున్న చోటు లెక్కకట్టుకొని, సెల్‌ఫోనువలెనే వార్త పంపును. సిగ్నలు లేని కనుమలలో నది మూగవోవును. అంతమాత్రమున కీడు శంకింపనక్కఱలేదు.

2019 జనవరి 1 మొదలు క్రొత్తగా రిజిస్టరగు ప్రయాణికుల బస్సులకును, టాక్సీలకును, ఆటోలకు మాత్రము గాదు, ఈ పెట్టెయు, ఆపదలో నొక్కు మీటయు నుండవలెనని కేంద్రప్రభుత్వము విధించినది. ఆ మీట యెచ్చట నుండునో మన బిడ్డలెఱుగుదురా? నొక్కినచో నర్ధరాత్రమున నావలినుండి మేల్కొని పలుకువా రెవరు? టాక్సీలు నడిపించువారిని మేము మొదట నడుగునది యిదియే.