పంది పక్కటెముకలకు పొగ పట్టించుట

పందుల మేతను గురించి, పాకలను గురించి ఇదివరలో ముచ్చటించుకున్నాం. ఈ వేళ మాంసం ఇంటికి వచ్చిన తరువాతి పని ఒకటి చెప్తాను. పక్కటెముకల మాంసాన్ని పొగలో వండుకొనే విధానమిది.

"పొగ పెట్టిన మాంసం పచ్చిగా ఉన్నా ఫరవాలేదటగదా?" అని కొందరు అడుగుతుంటారు. అది ప్రమాదకరమైన మాట. పొగవలన రుచి, రంగు వస్తాయి. ఎముక నంటి ఉన్న మాంసాన్ని క్షేమంగా చేసేది మాత్రం వేడి. నాగాలాండులో పొయ్యిమీద మాంసాన్ని రోజుల తరబడి వేలాడదీసి ఆరబెట్టుట నిజమే. కాని వాళ్ళు దాన్ని మళ్ళీ బాగా ఉడికించి కూర చేసుకొని తింటారు. ఆ రెండోమాట మనదాకా రాలేదు! ఇప్పుడు నేను చెప్పేది అమెరికా దక్షిణ రాష్ట్రాలలో పేరుపడిన పద్ధతి. ఇందులో పొగా, ఉడుకూ ఒకేసారి జరుగుతాయి.

ఇంత పట్టుదల ఎందుకంటే బద్దెపురుగు వలన. బయట తిరిగి మనుషుల మలం తినే పందుల మాంసంలో సగ్గుబియ్యం గింజలవంటి తెల్లని తిత్తులు ఉండవచ్చును. అవి కనబడితే ఆ మాంసం వద్దు. కనబడలేదని ధైర్యమూ వద్దు. సరిగా ఉడకనిది తింటే పురుగు పేగులో పెరుగుతుంది. దాని గుడ్లు మలంతో బయటపడి, కడగని చేతులద్వారానో, నీటిద్వారానో మరొకరి నోట పడితే మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలు వస్తాయి. పందిమాంసం ముట్టనివారికీ రావచ్చును. విస్తరణ కార్యకర్తలు ఈ సంగతి ప్రతి ఊళ్ళోనూ చెప్పాలి.

ఇక పని. మాంసం లోపలివైపు పల్చని పొర ఉంటుంది, దాన్ని గుడ్డతో పట్టి లాగేయండి. కిలోకు 15 గ్రాముల ఉప్పు, కొంచెం బెల్లంపొడి, మిరియాలు, కారం పట్టించండి. ఫ్రిజ్ లేని ఇంట్లో రాత్రంతా నానబెట్టరాదు. నిప్పు సిద్ధమయ్యేలోగా నానినంత చాలు.

ఇనుప పీపా ఒకటి కావాలి. పురుగుమందు పీపా, తారు పీపా ఎంత చౌకగా వచ్చినా, ఎన్నిసార్లు కడిగినా పనికిరావు. అడుగున గాలికి ఒక కన్నం, మూతకు ఒక కన్నం ఉండాలి. అడుగున బొగ్గులు, నడుమ నీళ్ళ పళ్ళెం, పైన ఊచల చట్రం. జింకుపూత ఊచలు వద్దు. బొగ్గులమీద ఎండిన మామిడి, జామ చెక్కలు రెండో మూడో వేయండి. వేప వేస్తే చేదు. రంగువేసిన పాత తలుపు చెక్క వేస్తే విషమే.

పొగ తెల్లగా దట్టంగా లేస్తే నిప్పు సరిగా అంటుకోలేదన్నమాట, మాంసం చేదెక్కుతుంది. పల్చగా, నీలివన్నెగా వచ్చాకనే మాంసం పెట్టవలెను. చట్రం దగ్గర వేడి 110 నుంచి 120 సెంటీగ్రేడు డిగ్రీలు ఉండాలి. హెచ్చితే కింది కన్నం కొంచెం మూయండి. మూత మాటిమాటికీ తీయకండి, వేడి పోతుంది.

అయిదారు గంటలు పడుతుంది. ఎముకల కొసలనుంచి మాంసం అరంగుళం వెనక్కు జరుగుతుంది. అది మంచి గుర్తే గాని, చాలదు. వంటకు వాడే ఉష్ణమాపకం కొనుక్కోండి. ఎముకకు తగలకుండా గుచ్చి చూస్తే 71 డిగ్రీలు దాటాలి. మెత్తబడాలంటే సుమారు 90కి రావాలి. చెయ్యిపెట్టి వేడి చెప్పగలమనేవారు మన ఊళ్ళలో చాలామందే ఉన్నారు. ఈ పనికి వారి మాట పట్టించుకోవద్దు.

ఆ పూటే తినేయండి. మిగిలితే ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది, బయట ఉండదు. ఎముకలు, కోతలో పోయిన ముక్కలు మాత్రం పందుల తొట్టిలో వేయవద్దు. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అలాంటి మాంసపు మిగుళ్ళద్వారా కూడా వ్యాపిస్తుంది. దానికి మందు లేదు. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి.