పాత బల్ల, కత్తి, స్ప్రింగులతో గిటారు

దుకాణంలోని ఎలక్ట్రిక్ గిటారు మీద మనసుపడి, కొనే స్తోమత లేకపోతే ఏం చేయాలి? 1963లో లండన్ శివారు ఫెల్తంలో బ్రయన్ మే అనే పదహారేళ్ళ విద్యార్థి, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన తండ్రి హెరాల్డ్‌తో కలిసి ఇంట్లోనే తయారుచేయడానికి పూనుకున్నాడు. పని ముగియడానికి దాదాపు రెండేళ్ళు పట్టింది.

వాళ్ళు వాడిన సామగ్రి చూడండి. చలికాచుకునే పొయ్యిగూటికి అమర్చిన పాత మహాగని చెక్క గిటారు మెడ అయింది. అందులో పురుగు తొలిచిన రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. ఓ పాత ఓక్ బల్ల గిటారు ఒంట్లోకి చేరింది. తీగల బిగువును మార్చి స్వరాన్ని ఊపే మీటను కత్తి అంచుమీద ఆనించి, మోటారుసైకిల్ ఇంజను వాల్వు స్ప్రింగులు రెండింటిని బిగించారు. కత్తి అంచు ఎందుకు? మీ ప్రయోగశాలలోని త్రాసు దండె కూడా అలాంటి అంచుమీదే ఊగుతుంది. ఘర్షణ బహు స్వల్పం కనుక, వదలగానే మీట మొదటి చోటికి వస్తుంది; శ్రుతి తప్పదు.

ఇక మెట్లు. మన వీణకున్నట్లే దీనికీ 24 మెట్లు. వీణ మెట్లను మైనంలో నిలిపి, చెవితో విని సరిచేస్తారు. గిటారు మెట్లను చెక్కలో కోసిన గాడుల్లో దిగగొడతారు. ఆపైన జరపడం కుదరదు. కాబట్టి ముందే లెక్కకట్టాలి. 12 మెట్లలో తీగ పొడవు సరిగ్గా సగమై, ‘స’ నుంచి పై ‘స’ పలకాలి. అందుకు ప్రతిసారీ మిగిలిన పొడవును 17.817తో భాగిస్తారు. ఈ గిటారు తీగ పొడవు 24 అంగుళాలు. మొదటి మెట్టు 1.35 అంగుళాల దగ్గర వస్తుంది. మూడోది ఎక్కడ వస్తుందో మీరే చేసి చూడండి.

ధ్వని సంగతి ఫారడే 1831లోనే తేల్చిపెట్టాడు. తీగల కింద అయస్కాంతం, దానిచుట్టూ సన్నని రాగితీగ చుట్ట ఉంటాయి. ఉక్కుతీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం మారి, చుట్టలో విద్యుత్తు పుడుతుంది. నైలాన్ తీగలకు ఈ చుట్ట మూగదే! మే మొదట చుట్టలను తానే చుట్టుకున్నాడు. కాని తీగను పక్కకు లాగి వాయిస్తే గరగరమనేది. చివరకు బర్న్స్ కంపెనీవి మూడు కొన్నాడు. వాటినీ ఉన్నవి ఉన్నట్టు వాడలేదు. చుట్టలోని పొరలు తామే కంపించి కీచుమనకుండా అరాల్డైట్ జిగురు నింపాడు. ఒక చుట్ట తరంగాన్ని తలకిందులు చేసే స్విచ్చులూ పెట్టాడు. రెండు చుట్టల తరంగాలు కొంత కొట్టివేసుకుని, మిగిలిన ధ్వని సన్నగా, పదునుగా వస్తుంది.

1970లో ఏర్పడిన క్వీన్ బృందంలో మే మోగించింది ఈ ‘రెడ్ స్పెషల్’నే. మధ్యలో ఆపిన పరిశోధనను కూడా ఆయన వదల్లేదు: గ్రహాల మధ్యనున్న ధూళి మీద 2007లో లండన్ ఇంపీరియల్ కాలేజీ నుంచి డాక్టరేటు పొందాడు.